నూటపదిహేడో నంబరు సర్వీసు

"మూడు బనియన్లకూ ఒకే నంబరు యాల ఉండాది నాయనా?"

మాలతి ఈ మాట అడగడం ఇది రెండోసారి. మొదటిసారి అడిగినప్పుడు దేవరాజులు నోట్లో దోసె ఉంది. నోట్లో దోసె ఉన్న మనిషిని జవాబు చెప్పమనడం మర్యాద కాదని ఆగింది. ఇప్పుడు దోసె అయిపోయింది. పళ్లెంలో ఎర్రకారం మాత్రం మిగిలింది. దేవరాజులు ఆ కారాన్నే వేలితో అటూ ఇటూ తోస్తూ కూర్చున్నాడు.

వాకిట్లో దండెం మీద మూడు తెల్ల బనియన్లు ఆరుతున్నాయి. మొదటిది దేవరాజులుది. దాంట్లో మాలతి, వాళ్లమ్మ రుక్మిణమ్మ ఇద్దరూ కలిసి దూరవచ్చు. రెండోది పొడుగ్గా, సన్నగా ఉంది. మూడోదానికి చంక కింద చిరుగు. మూడింటి రొమ్ము మీదా ఎర్ర రంగుతో నూటపదిహేడు అని రాసి ఉంది.

"ఒగటి తడిస్తే ఇంగొగటి ఏసుకునేదానికి," అన్నాడు చివరికి.

"తడిస్తే మీ డిపో మునెప్పన్న కొలతకు సన్నబడతావా నువ్వు?"

వంటింట్లోంచి రుక్మిణమ్మ అట్లకాడతో సహా బయటికొచ్చింది.

"ఇంగ సెప్పేయయ్యా. రంగుడబ్బా పట్టుకోమన్నప్పుడు నాకు సెప్పినావు గదా, అదే దానికీ సెప్పు."

"అమ్మా! నీకు ముందే తెలుసా?"

"నాకేం తెలుసు? బస్సు మాదిర అన్నాడు. బస్సు సంగతి ఆయనకు తెలుసు గదా అని డబ్బా పట్టుకున్నా."

దేవరాజులుకు బస్సు సంగతి తెలుసుననడంలో అబద్ధం లేదు. ఇరవయ్యారేళ్లుగా స్టీరింగు ముందు కూర్చున్న మనిషి. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా ఏ గుంత ఎక్కడుందో కళ్లు మూసుకొని చెప్పగలడు. ఆ రోడ్డు గురించి ఆయనకు తెలియనిది ఒక్కటే, దాని మీద నడవడం.

మూడు వారాల కిందట కుప్పం మీటింగులో ఆయన చెయ్యెత్తకుండా ఉండి ఉంటే ఈ గొడవే లేదు. బెంగుళూరు ట్రస్టువాళ్లు పేదపిల్లల గుండె ఆపరేషన్లకు సాయం కోరుతూ పరుగుపందెం పెడుతున్నారు. పుంగనూరులో మొదలై, పల్లెల మీదుగా చుట్టి, మదనపల్లెలో ముగిసే నలభై రెండు కిలోమీటర్ల పరుగు. దేవరాజులు బస్సులో పద్నాలుగేళ్లుగా కండక్టరు ఫక్రుద్దీన్. ఆ ఫక్రుద్దీన్ మనవరాలు సనాకు ఏడేళ్లు. గుండెలో రంధ్రం. మీటింగులో ఆ మాట రాగానే గ్రానైటు యార్డు పాపయ్య లేచి నిలబడ్డాడు.

"ఈ డ్రైవరు దేవరాజులు సీటు దిగి నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తనీ. ఆ బిడ్డ ఆపరేషను పూర్తిగా నాది," అన్నాడు.

స్టాపు లేనిచోట చెయ్యెత్తితే బస్సు ఆపలేదని పాపయ్యకు దేవరాజులు మీద పాత కోపం. కోపం సంగతి ఎట్లా ఉన్నా, ఆడిన మాట తప్పడని కుప్పంలో ఆయనకు పేరుంది. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో దేవరాజులు చెయ్యి దానంతటదే పైకి లేచింది.

ఇప్పుడు పరుగుకు పదకొండు రోజులే ఉన్నాయి. రోజూ తెల్లవారగానే ప్రాక్టీసు అని ఆయన ఇల్లు కదులుతున్న మాట నిజం. ఆయన పరుగెత్తుతుండగా చూసినవాళ్లు మాత్రం మదనపల్లెలో ఒక్కరూ లేరు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో పాలపొట్లాలు ఉంటున్నాయి.

"సరే, సెప్తా. నిమ్మళంగా విను," అంటూ దేవరాజులు పళ్లెం పక్కకు జరిపాడు. "మన స్టాండులో హైదరాబాదు బస్సు ఎక్కినోడు యాడ దిగతాడు?"

"హైదరాబాదులో."

"నడమ డ్రైవరు మారతాడా, లేదా?"

"మారతాడు."

"డ్రైవరు మారినాడని ఎవుడన్నా దిగి ఇంటికి పొయ్యినాడా? పోడు. బోర్డు ఒగటే, సర్వీసు ఒగటే. ఇదీ అంతే. నూటపదిహేడు పుంగనూరులో బయల్దేరతాది, మదనపల్లెకు వచ్చి చేరతాది. నడమ డ్యూటీ ఎవురు దిగినారు, ఎవురు ఎక్కినారు అనేది మా డ్రైవర్ల లోపలి యవ్వారం."

తండ్రి మోసం చేస్తున్నాననుకొని చెప్పి ఉంటే మాలతికి కోప్పడటం సులువయ్యేది. ఆయన మోసమనుకోవడం లేదు. డిపోలో ముగ్గురు డ్రైవర్లు కూర్చొని ఇది న్యాయమేనని తేల్చుకున్నారు.

ఆమె లోపలికి వెళ్లి అప్లికేషను జిరాక్సు తెచ్చింది. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. బీయెస్సీ పాసై ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతోంది. ఇంట్లోకి వచ్చే ప్రతి కాగితమూ ఆమె చదివాకే ఎక్కడికైనా వెళుతుంది. పరుగు అప్లికేషను కూడా ఆమే గుండ్రటి అక్షరాలతో నింపింది. 'పై షరతులన్నీ అభ్యర్థికి చదివి వినిపించాను' అన్న చోట సంతకమూ చేసింది.

"పద్నాలుగు షరతులూ చదివి సెప్పినానా లేదా నీకు?"

"సెప్పినావు."

"ఆరోది ఏంది?"

దేవరాజులు భార్య వైపు చూశాడు. రుక్మిణమ్మ పైకప్పు చూసింది.

"మూడోదాని కాడ కన్ను మూతపడింది గదమ్మా," అన్నాడు.

"ఒక నంబరు మీద ఒకే మనిషి పరుగెత్తవలెను. ఆరో షరతు. దాని కింద సంతకం నాది. నువ్వు సేసేది బస్సు యవ్వారం కాదు నాయనా, నా సంతకం అబద్ధం సేసే యవ్వారం."

"అబ్బ! సంతకానికేం గాదులే. బెంగుళూరోళ్లు ఆడ కూర్చోని రాసుకున్నారు, వాళ్ల ఊరికి రాసుకున్నారు."

"గుండె కూడా బెంగుళూరులోనే గదా సూసేది!"

రుక్మిణమ్మ అట్లకాడ ఊపింది. "ఏమ్మే, నాయనను అంత మాటలనాలా? ఇంగో దోసె పోస్తా ఉండు, తిని మాట్లాడు."

అప్పుడే గేటు తెరుచుకుంది. సోమల మునెప్ప చేతిలో చుట్టిన కాగితంతో లోపలికొచ్చాడు. డిపోలో అందరికన్నా చిన్న డ్రైవరు. ముప్ఫై ఒక్కేళ్లు. తాటిచెట్టు మాదిరి ఉంటాడు. పొడుగు బనియను ఎవరిదో ఇక అడగనక్కర్లేదు.

"రాజులన్నా, చార్టు ఏసేసినా! మన డిపో జయచంద్రన్న కూడా సూసి సరే అన్నాడు."

మాలతి కనబడగానే కాగితం వెనక్కి దాచాడు.

"దాచొద్దులేన్నా. చూడనీ," అంది మాలతి.

మునెప్ప దేవరాజులు వైపు చూసి, ఇక దాచి లాభం లేదని తెలిసి, బల్ల మీద పరిచాడు. స్కేలుతో గీతలు కొట్టి, ఎర్ర, నీలి సిరాలతో చక్కగా రాసిన చార్టు. పుంగనూరు డిపార్చరు ఆరు గంటలు, డ్రైవరు దేవరాజులు. మొదటి రెండు కిలోమీటర్లు ఆయనవి, ఫోటోలు తీస్తారు కాబట్టి. అక్కడ రాళ్లగుట్ట వెనక డ్యూటీ మార్పు. తర్వాత చిరుగు బనియనుతో జయచంద్ర. తర్వాత చాలాదూరం మునెప్ప. చివరి కిలోమీటరు మళ్లీ దేవరాజులు, పూలమాల వేస్తారు కాబట్టి.

"నడమ నాయన యాడ ఉంటాడు?"

"మా బామ్మర్ది టమోటా టెంపో ఉండాది గదమ్మా. బాక్సుల నడమ కూర్చుంటాడు. పైన టార్పాలు కప్పుతాం."

"మొహాలు యారే గదా మీవి?"

"తలకు తుండు సుట్టుకుంటాం. ఎండకని సెప్తాం."

"ఇదేంది, ఈడ పదైదు నిమిషాలు అని రాసినావు?"

"టిఫినుకు."

"పరుగుపందెంలో టిఫినా?"

"అంత దూరం పోయే సర్వీసుకు నడమ హాల్టు లేకుంటే ఎట్లమ్మా? యూనియను ఒప్పుకోదు," అన్నాడు మునెప్ప. ఆ మాట తమాషాకు అనలేదు.

మాలతికి నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వును మింగేసింది. ఇప్పుడు నవ్వితే తండ్రి ఆ నవ్వునే ఒప్పుకోలు కింద రాసేసుకుంటాడని ఆమెకు తెలుసు.

"ఒక మాట అడుగుతా. పేరు మార్చి మునెప్పన్ననే మొత్తం పరుగెత్తమంటే?"

"అది నేనూ అడిగితి. పేరు మార్చుకునే గడువు పోయిన శుక్రవారంతోనే సరి. పైపెచ్చు పాపయ్య మాటిచ్చింది నా కాళ్లకు, మునెప్ప కాళ్లకు కాదు."

పెనం మీద దోసె మాడుతున్న వాసన వచ్చింది. రుక్మిణమ్మ లోపలికి పరుగెత్తింది. ఆ ఇంట్లో ఆ పొద్దుకు అదే మొదటి పరుగు.

గేటు దగ్గర ఫక్రుద్దీన్ నిలబడి ఉన్నాడు.

ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో ఎవరికీ తెలియదు. ఖాకీ చొక్కా, చంకన సంచి, చెయ్యి పట్టుకొని సనా. ఆ పిల్ల ఎప్పటిలా నాలుగడుగులకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది. పెదవుల మీద నేరేడుపండు తిన్నట్టు నీలిరంగు.

"సనా, లోపలికి పో. అవ్వ దోసె పెడతాది," అన్నాడు ఫక్రుద్దీన్.

పిల్ల వంటింట్లోకి వెళ్లేదాకా ఆగాడు. తర్వాత బల్ల మీది చార్టు చూశాడు. దండెం మీది బనియన్లు చూశాడు. ఒకటి, రెండు, మూడు అని వేలితో లెక్కపెట్టాడు. బస్సులో తలలు లెక్కపెట్టే అలవాటు.

"రాజులన్నా, ఈ ముగ్గురిలో టికెట్టు ఎవురికుండాది?"

"ఫక్రూ, అది కాదు..."

"పద్నాలుగేండ్లు నీ బస్సులో డ్యూటీ సేసినా. ఒక్క టికెట్టు తక్కువ కొట్టలా. చెకింగోళ్లు ఎక్కితే నేను లేసి సీటిచ్చినానే గాని, నా గుండె ఒక్కపారి అదరలేదు. ఇప్పుడు నా మనవరాలి గుండె కోసరం నన్ను టికెట్టు లేని ప్రయాణం సెయ్యమంటావా?"

"నువ్వెందుకు సేస్తావప్పా, సేసేది మేం గదా."

"చేరేది ఎవురు? నా సనా గదా. రేప్పొద్దున బాగై బడికి పోతే, ఎట్ల బాగైనావే అని ఎవురన్నా అడిగితే ఏమని సెప్పాల? ముగ్గురు డ్రైవర్లు రాళ్లగుట్ట ఎనక బనియన్లు మార్చుకున్నారని సెప్పాలనా?"

మునెప్ప చార్టును మెల్లగా చుట్టడం మొదలుపెట్టాడు.

దేవరాజులు లేచి నిలబడ్డాడు. కుర్చీ ఆయనతోపాటు కొంచెం లేచి మళ్లీ కింద పడింది.

"మరేం సెయ్యమంటావు నన్ను? సెప్పు! అందురూ సెప్పేవాళ్లే!" గొంతు పెద్దది చేశాడు. వెంటనే వంటింటి వైపు చూసి తగ్గించుకున్నాడు. "నేను పరిగెత్తలేను ఫక్రూ. పరిగెత్తి సూసినా గదా. నాలుగు కరెంటు స్తంభాలు. ఐదోది పట్టుకోని నిలబడతాండా. ఆ స్తంభానికి కూడా నేను అలవాటైపోయినా."

మూడు వారాల్లో ఆయన నోట ఈ మాట రావడం ఇదే మొదలు. మాలతికి తండ్రి మీద కోపం ఎటు పోయిందో తెలియలేదు. వెతుక్కుందామన్నా దొరకలేదు.

ఫక్రుద్దీన్ ఏదో అనబోయాడు. ఇంతలో వీధిలో జీపు హారను మోగింది. ఒకసారి కాదు, మూడుసార్లు.

మునెప్ప గేటు సందులోంచి చూసి వెనక్కి గెంతాడు.

"పాపయ్య!"

ఆ తర్వాత జరిగింది ఎవరూ చార్టు వేసుకొని చేసింది కాదు. రుక్మిణమ్మ వచ్చి చిరిగిన బనియను లాక్కొని వెళ్లి బియ్యం డబ్బాలో కుక్కింది. మునెప్ప తన బనియనును, తడిదని కూడా చూసుకోకుండా, తెల్లచొక్కా లోపల తొడుక్కున్నాడు. చార్టును ఫక్రుద్దీన్ సంచిలో దోపారు. ఫక్రుద్దీన్ దాన్ని తీసి మళ్లీ బల్ల మీద పెట్టాడు. మాలతి దాని మీద పళ్లెం బోర్లించింది. ఆ పని చేశాక ఆమెకే తన చెయ్యి మీద అసహ్యం వేసింది.

దండెం మీద ఒకే ఒక్క బనియను గాలికి ఊగుతుండగా పాపయ్య లోపలికి వచ్చాడు.

"ఏమప్పా డ్రైవరూ, బాగుండావా?"

"రండి పాపయ్య గారూ. కూర్చోండి. రుక్మిణీ, కాఫీ!"

పాపయ్య కూర్చున్నాడు. తెల్ల పంచె, గోల్డు చైను వాచీ. కుప్పం నుంచి ఇంత దూరం ఎందుకొచ్చాడో చెప్పడానికి తొందరపడలేదు. కాఫీ వచ్చేదాకా గోడ మీది క్యాలెండరు చూశాడు.

"పరుగు దినం నేనూ వస్తాండా," అన్నాడు కాఫీ సగమయ్యాక. "పుంగనూరులో నువ్వు కాలు తీస్తే నా జీపు నీ పక్కనే తీస్తా. నీతోపాటే మదనపల్లె దాకా. మా ఇంటామె కూడా వస్తాండాది. గుడుపల్లె నుంచి ఆమె అక్కసెల్లెండ్లు ఇద్దరూ. పులిహోర సేసుకుంటామన్నారు."

"నలభై రెండు కిలోమీటర్లూ పక్కనేనా?" అన్నాడు మునెప్ప. అడగకుండా ఉండలేకపోయాడు.

"ఆమా. సుమ్నే, ఊరికే మాటిచ్చి ఇంట్లో కూర్చుంటే ఎట్లప్పా? కండ్లతో సూడాల గదా."

అంతలో ఆయన చూపు మునెప్ప చొక్కా మీద ఆగింది. తడి బనియను రంగు బయటికి ఊరుతోంది. తెల్లచొక్కా రొమ్ము మీద ఎర్రగా ఒక గీత వచ్చింది. పక్కనే ఇంకో గీత.

"ఏమప్పా అది, రొమ్ము మీద? దెబ్బ తగిలిందా?"

మునెప్ప కిందికి చూసుకున్నాడు. "కాదు సామీ. టమోటా మరక. మార్కెట్టు కాడ అంటుకుండాది."

మదనపల్లెలో టమోటా మరక లేని చొక్కా లేదు కాబట్టి ఆ జవాబు నిలబడవలసిందే. పాపయ్య కూడా తల ఊపాడు. కాఫీ గ్లాసు కింద పెట్టాడు. రెండు గీతల పక్కన మూడోది కొంచెం వంకరగా పైకి తేలేదాకా చూస్తూ కూర్చున్నాడు.

"టమోటా ఒకటీ ఒకటీ ఏడూ అని రాస్తాదా మీ ఊళ్లో?"

వంటింట్లో సనా గ్లాసులో చెంచా తిప్పుకుంటున్న చప్పుడు వినిపించింది.

మాలతి నోరు తెరిచింది. ఆమె కన్నా ముందు దేవరాజులు మాట్లాడాడు.

"నేను సెప్తా. పాపయ్య గారూ, మేం ముగ్గురం పరిగెత్తాలని అనుకున్నాం. ఒక నంబరు మీద. తప్పని నాకు తెలీదు. తెలీదంటే, పూరా తెలీదని కాదు, తెలుసుకోబుద్ధి కాలేదు. మా బిడ్డ ఇప్పుడు సెప్పింది. ఫక్రుద్దీన్ సెప్పినాడు. ఇంగ మీరు మాట ఎనక్కు తీసుకుంటామంటే తీసుకోండి. ఆ బిడ్డ మొహం సూసి తీసుకోండి, అంతే."

పళ్లెం కింది నుంచి చార్టు తీసి తనే ఇచ్చాడు.

పాపయ్య చార్టును మొదటి నుంచి చివరిదాకా చదివాడు. 'రాళ్లగుట్ట వెనక డ్యూటీ మార్పు' దగ్గర మీసం కదిలింది. 'టిఫిను పదిహేను నిమిషాలు' దగ్గరికొచ్చేసరికి కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

ఎవరూ తోడు నవ్వలేదు.

"ఆ దినం నా యార్డు కాడ నువ్వు బస్సు ఆపలేదు గుర్తుండాదా?" అన్నాడు నవ్వు ఆగాక. "చేతిలో రెండు సంచులు. మూడు కిలోమీటర్లు నడిచినా ఎండలో. నడిచేటప్పుడు ఒకటే అనుకున్నా, ఈ డ్రైవరుగాడు ఒక్క దినం నడిస్తే తెలుస్తాది అని. నాకు కావల్సింది అంతే. నువ్వు గెలవొద్దు. ఎగరొద్దు. నడు. నడిచినా సరే, పాకినా సరే. కాళ్లు మాత్రం నీవే ఉండాల. మదనపల్లె చేరు. బిడ్డను నేనే నా జీపులో బెంగుళూరు పిలుచుకోని పోతా."

"నడవచ్చా?" అన్నాడు దేవరాజులు.

"పదకొండో షరతు," అంది మాలతి. "ఎనిమిది గంటల్లోగా చేరాల. పరుగెత్తాలని యాడా రాయలా."

దేవరాజులు మనసులో టైమింగు వేసుకున్నాడు. గంటకు ఐదుంపావు కిలోమీటర్ల చొప్పున ఏ సర్వీసూ ఆయన జన్మలో నడపలేదు. చెడిపోయిన బస్సును తోసుకొచ్చినా అంతకన్నా తొందరగా చేర్చాడు.

"వస్తా పాపయ్య గారూ," అన్నాడు. "ఒక్కణ్ణే వస్తా."

పాపయ్య వెళ్తూ వెళ్తూ మునెప్ప చొక్కా కొస పట్టుకొని చూసి, "మంచి టమోటా," అని మళ్లీ నవ్వాడు.

జీపు మలుపు తిరిగాక ఆ వాకిట్లో అందరికీ ఒకేసారి మాటలొచ్చాయి. రుక్మిణమ్మ బియ్యం డబ్బాలోంచి బనియను తీసింది. బనియను కొంచెం తెల్లబడింది, బియ్యం కొంచెం ఎర్రబడింది.

"ఈ పొద్దు అందరికీ ఎర్రన్నమే. ఎవురూ మాట్లాడకుండా తినాల," అంది.

ఫక్రుద్దీన్ వచ్చి దేవరాజులు చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. పద్నాలుగేళ్లు ఒకరు ముందు, ఒకరు వెనక ప్రయాణం చేసిన మనుషులు. ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోవడం వాళ్లకు అంతగా అలవాటు లేదు.

మాలతి నోటుబుక్కు తెచ్చుకొని తండ్రి ఎదురుగా చాప మీద కూర్చుంది.

"పదకొండు దినాలుండాది నాయనా. ఈ పొద్దు రెండు కిలోమీటర్లు, రేపు మూడు. మెల్లగా పెంచుకుందాం. నేనూ నీతో నడుస్తా, బడికి ముందర. ఊపిరాడకుంటే ఆగుదాం."

"సరేమ్మా."

"డాక్టరు ఏం రాసినాడు నీకు? అప్లికేషను ఆఖరు పేజీ, డాక్టరు సర్టిఫికెట్టు, నువ్వే గదా తీసుకుపోయి సీలు ఏయించుకోని వచ్చింది. బీపీ ఎంతుండాది?"

దేవరాజులు కాలి బొటనవేలు చూసుకున్నాడు.

"నూట ఇరవై, ఎనభై," అన్నాడు మునెప్ప.

"బాగుండాదే!" అంటూ రాసుకుంది మాలతి. రాస్తూ రాస్తూ పెన్ను ఆపింది. "నీకెట్ల తెలుసన్నా?"

మునెప్ప తన చొక్కా మీది మరకను గోటితో గీకసాగాడు.

"డాక్టరు మంచోడమ్మా. గుండె బాగుండాది, గుర్రం మాదిర ఉండాదని సెప్పినాడు."

"ఎవురికి?"

"నాకే."

మాలతి పెన్ను మూత పెట్టింది.

"ఆ దినం రాజులన్నకు కుప్పం డ్యూటీ పడింది. నాకు రెస్టు," అన్నాడు మునెప్ప గబగబా. "డ్యూటీ మార్చుకున్నట్లే గదా అని నేను పొయ్యినా. పేరు అడిగినారు, దేవరాజులు అని సెప్పినా. వయసు యాభై రెండు అంటే డాక్టరు నన్ను రెండు తూర్లు ఎగాదిగా సూసినాడు. ఏం తింటావప్పా అని అడిగినాడు. రాగిసంగటి అని సెప్పినా."

ఎవరికీ నవ్వు రాలేదు.

రుక్మిణమ్మ అట్లకాడ కింద పెట్టి భర్త దగ్గరికి వచ్చింది. ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే ఎగతాళి లేదు.

"పోయిన నెల మిద్దె ఎక్కినావు, బట్టలు తెచ్చేదానికి. సగం మెట్ల కాడ రొమ్ము పట్టుకోని కూర్చున్నావు. ఏమయ్యా అంటే గ్యాసు అన్నావు. అది గ్యాసేనా?"

"గ్యాసే."

"మొన్న తెల్లారి కూడా గ్యాసేనా?"

"వంకాయ తింటే నాకు అంతే గదా రుక్మిణీ..."

"లెయ్ నాయనా," అంది మాలతి. "డాక్టరు తావకు పోదాం. ఈ పొద్దే, ఇప్పుడే. బడికి సెలవు చీటీ పంపిస్తా."

దేవరాజులు లేవలేదు. వంటింటి గడప మీద సనా కూర్చొని, దోసె ముక్కలు చేసి ఒక్కొక్కటే తింటోంది. ఒక ముక్క తిని ఆగుతుంది. ఊపిరి తీసుకొని ఇంకో ముక్క తింటుంది.

"ఆ దినం కుప్పం డ్యూటీ దానంతట అది పడలేదమ్మా," అన్నాడు ఆయన, పిల్లకు వినబడకుండా. "నేనే అడిగి ఏయించుకున్నా."

"ఎందుకు?"

"డాక్టరు వద్దంటే?"

గుండెకు నాలుగు గదులని మాలతి ఎనిమిదో తరగతి పిల్లలకు బొమ్మ గీసి చెబుతుంది. ఏ గది ఎందుకుందో, రక్తం ఎటు పోతుందో బాణం గుర్తులు పెట్టి చెబుతుంది. ఈ ప్రశ్నకు పెట్టడానికి ఆమె దగ్గర ఏ గుర్తూ లేదు.

"వద్దంటే వద్దు," అన్నాడు ఫక్రుద్దీన్ గట్టిగా. "ఒక గుండె తీసి ఇంగో గుండె పెట్టేది నాకొద్దన్నా. పద. నేనూ వస్తా."

"పదయ్యా," అంది రుక్మిణమ్మ. ఆయన భుజం మీద తుండు వేసింది. చెప్పులు తెచ్చి ముందు పెట్టింది.

నలుగురూ చుట్టూ నిలబడితే దేవరాజులు చెప్పులేసుకోక తప్పలేదు. వాకిలి దాటాడు. గేటు తీశాడు. గేటు బయట ఎడమ పక్కకు తిరిగితే డాక్టరు దగ్గరికి దారి. కుడి పక్కకు తిరిగితే పుంగనూరు రోడ్డు.

ఆయన అటూ ఇటూ చూశాడు. రోడ్డెక్కే ముందు రెండు పక్కలా చూడటం డ్రైవరు అలవాటేనని వెనక వస్తున్న మాలతి అనుకుంది.

దేవరాజులు కుడి పక్కకు తిరిగి పరుగెత్తడం మొదలుపెట్టాడు.

అది నడక కాదు. వడి నడకా కాదు. చెప్పులు టపటపమంటూ, తుండు వెనక్కి ఎగురుతూ, పొట్ట ఒక పక్కకూ మనిషి ఒక పక్కకూ ఊగుతూ నిజంగా పరుగెత్తుతున్నాడు.

"నాయనా!"

"ఓయ్, నిలబడయ్యా! యాడికి పోతాండావు?"

"ప్రాక్టీసుకు!" అని కేక వినిపించింది. ఆయన వెనక్కి తిరగలేదు.

మునెప్ప ఎర్ర మరక చొక్కాతో వెంటబడ్డాడు. ఫక్రుద్దీన్ సంచి పట్టుకొని, రుక్మిణమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకొని పరుగెత్తారు. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. మూడు వారాలుగా దేవరాజులు పరుగు చూద్దామని కాచుకున్న జనం వాళ్లు.

ఒక కరెంటు స్తంభం దాటాడు. రెండు. మూడు. నాలుగోదీ దాటాడు.

మాలతి గేటు దగ్గరే నిలబడిపోయింది. చెయ్యి పట్టుకొని సనా ఉంది, ఆ పిల్లను వదిలి పరుగెత్తలేదు.

"తాత బాగా పరిగెత్తుతాండాడు గదక్కా," అంది సనా, గొంతు నిండా సంతోషంతో.

ఐదో స్తంభం దగ్గర దేవరాజులు ఆగాడు. ఒక చెయ్యి స్తంభం మీద వేశాడు. రెండో చెయ్యి రొమ్ము మీదికి పోయింది. తుండు సర్దుకోవడానికో, మరెందుకో, అంత దూరం నుంచి మాలతికి తెలియలేదు.